సగం నీటిలో, సగం గాలిలో: ఒకే ఫొటోలో రెండు లోకాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌కు సుమారు 38 కిలోమీటర్ల దూరంలో ఇంద్రావతి నది గుర్రపునాడా ఆకారపు రాతి అంచు మీది నుంచి దాదాపు 29 మీటర్ల కిందికి దూకుతుంది. అదే చిత్రకోట్ జలపాతం. వానాకాలంలో ఎర్రమట్టి కలిసిన ఒకే పెద్ద తెరలా పడే ఈ నీరు, చలికాలం వచ్చేసరికి పాయలుగా విడిపోయి తేటపడుతుంది. చిత్రకోట్ ఫొటోలకు కొదవ లేదు. అయితే దాదాపు అన్నిట్లోనూ కనిపించేది నీటికి పైనున్న భాగమే. అదే నది అడుగున గులకరాళ్లు, నాచు, చేపపిల్లలు ఎలా ఉన్నాయో వాటిలో తెలియదు.

ఈ రెంటినీ ఒకే ఫొటోలో పట్టే పద్ధతి ఒకటుంది. కెమెరా ముందుభాగాన్ని సగం నీటిలో ముంచి, సగం గాలిలో ఉంచి ఫొటో తీస్తారు. చిత్రం మధ్యలో నీటి గీత వస్తుంది. గీతకు పైన కొండ, చెట్లు, ఆకాశం. కింద నీటి అడుగు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ డూబిలే ఇలాంటి చిత్రాలతోనే ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు. చూడటానికి ఇది తేలికైన పనిలా ఉంటుంది. నిజానికి గాలికీ నీటికీ మధ్య కాంతి చేసే ప్రతి గారడీ ఈ ఒక్క ఫొటోలో అడ్డుపడుతుంది. ఒక్కొక్కటే చూద్దాం.

పుల్ల ఎందుకు విరిగినట్టుంటుంది?

గ్లాసు నీళ్లలో స్పూను పెడితే నీటిమట్టం దగ్గర అది విరిగినట్టు కనిపిస్తుంది. కాంతి గాలిలో కంటే నీటిలో నెమ్మదిగా ప్రయాణిస్తుంది. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. అంటే గాలిలోని వేగంలో దాదాపు నాలుగింట మూడొంతులు మాత్రమే నీటిలో ఉంటుంది. వేగం మారే చోట కాంతికిరణం ఏటవాలుగా తగిలితే దారి మళ్లుతుంది. దీన్నే వక్రీభవనం అంటాం.

నిటారుగా పైనుంచి చూస్తే 120 సెంటీమీటర్ల లోతున్న నీరు 90 సెంటీమీటర్లే ఉన్నట్టు తోస్తుంది. లోతు తక్కువే కదా అని దిగి మునిగిపోయే ప్రమాదాలకు ఇదీ ఒక కారణం. బల్లెంతోనో బాణంతోనో చేపను కొట్టేవారు, చేప కనిపించిన చోటికి కాస్త కిందికి గురిపెట్టేది కూడా ఇందుకే. సూత్రం పేరు తెలియకపోయినా లెక్క వాళ్ల చేతికి తెలుసు.

ఇప్పుడు నీటి లోపలి నుంచి పైకి చూద్దాం. నీటిలో ఉన్న కంటికి బయటి లోకమంతా తలపైన సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోనే ఇమిడిపోతుంది. దాన్ని స్నెల్ కిటికీ అంటారు. నిలువు గీత నుంచి 48.6 డిగ్రీలకు మించి వాలిన చూపు నీటిని దాటి బయటికి పోలేదు. అక్కడ నీటి ఉపరితలం అద్దంలా మారి, అడుగునే తిరిగి చూపిస్తుంది. ఇది సంపూర్ణాంతర పరావర్తనం. చేపకు లోకం ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ నీరు నింపిన కెమెరాతో ఫొటోలు తీసి 1906లో ప్రచురించాడు. నేటి ‘ఫిష్ ఐ’ లెన్సు పేరుకు మూలం అక్కడే ఉంది. సగం సగం ఫొటోల్లో నీటి గీతకు కిందుగా వెండి రేకులా మెరిసే పట్టీ కనిపిస్తే, అది ఈ అద్దమే.

చదునైన గాజుతో వచ్చే చిక్కు

కెమెరాను చదునైన గాజున్న పెట్టెలో పెట్టి సగం ముంచామనుకోండి. పై సగం మామూలుగా పడుతుంది. కింది సగంలో కాంతి నీటి నుంచి గాజు దాటి పెట్టెలోని గాలిలోకి వస్తూ వంగుతుంది. గాలిలో 90 డిగ్రీల మేర చూడగలిగే లెన్సు నీటిలో 64 డిగ్రీలకే పరిమితమవుతుంది. దృశ్యం అంతగా కుంచించుకుపోయిందంటే అందులోని వస్తువులు ఆ మేరకు పెద్దవై పడతాయన్నమాట. నడుము లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి నడుముకు పైన మామూలుగా, కాళ్లు మాత్రం మూడో వంతు లావుగా కనిపిస్తాడు. పైగా ఫ్రేము అంచులకు వెళ్లేకొద్దీ రంగులు విడిపోయి, బొమ్మ అలుక్కుపోతుంది.

దీనికి విరుగుడు గుమ్మటం ఆకారంలో ఉండే గాజు లేదా యాక్రిలిక్ మూత. ఫొటోగ్రాఫర్లు దీన్ని డోమ్ పోర్ట్ అంటారు. లెన్సును గుమ్మటం కేంద్రంలో సరిగ్గా అమరిస్తే, ఏ దిక్కు నుంచి వచ్చే కిరణమైనా గుమ్మటానికి నిటారుగానే తగులుతుంది. నిటారుగా తగిలిన కిరణం వంగదు. కాబట్టి లెన్సు చూపు మేర తగ్గదు. పైనున్న మనిషీ కిందనున్న కాళ్లూ ఒకే కొలతలో పడతాయి.

గుమ్మటం తెచ్చే కొత్త సమస్య

ఒక చిక్కు విడిందనుకుంటే గుమ్మటం ఇంకోటి తెస్తుంది. నీటిలో ఉన్నప్పుడు గుమ్మటం పుటాకార కటకంలా పనిచేస్తుంది. నీటి అడుగున ఎంతో దూరంలో ఉన్న వస్తువు కూడా గుమ్మటానికి దగ్గరలోనే మిథ్యా ప్రతిబింబంగా ఏర్పడుతుంది. ఎంత దగ్గర? గుమ్మటం వ్యాసార్ధానికి మూడు రెట్ల దూరంలో. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుమ్మటానికి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు. కాబట్టి నీటిలో దూరాన ఉన్న బండరాయి ప్రతిబింబం గుమ్మటం ముందు 30 సెంటీమీటర్ల దగ్గర, అంటే లెన్సుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పై సగంలోని కొండ మాత్రం నిజంగానే కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

కొండకు ఫోకస్ చేస్తే నీటి అడుగు మసకబారుతుంది. అడుగుకు ఫోకస్ చేస్తే కొండ మసకబారుతుంది. రెండూ స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, బాగా చిన్నది చేయాలి. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ దగ్గరివీ దూరానివీ కలిసి స్పష్టంగా పడతాయి. లెక్క వేసి చూద్దాం. పెద్ద సెన్సారున్న కెమెరాకు 16 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, అపర్చర్‌ను ఎఫ్/11 దగ్గర ఉంచి, సుమారు 78 సెంటీమీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే 39 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. మనకు కావలసింది 40 సెంటీమీటర్లు. అంటే అంచుమీద సరిపోయింది. ఎఫ్/16కు తగ్గిస్తే 27 సెంటీమీటర్ల నుంచే స్పష్టత దొరుకుతుంది. గుమ్మటం ఎంత పెద్దదైతే ప్రతిబింబం అంత దూరం జరుగుతుంది, పని అంత తేలికవుతుంది. ఇలాంటి ఫొటోలకు పెద్ద పెద్ద గుమ్మటాలు వాడటానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం తలతన్యత. నీరు గాజును తాకిన చోట కొద్దిగా పైకి పాకి వంపు తిరుగుతుంది. తేట నీరు శుభ్రమైన నిలువు గాజుపై సుమారు 4 మిల్లీమీటర్ల దాకా పాకగలదు. ఫోన్ లెన్సు వెడల్పే కొన్ని మిల్లీమీటర్లు. అందుకే ఫోనును నేరుగా నీటి అంచున పెడితే ఆ వంపే ఫొటోలో సగాన్ని తినేసి, లావుపాటి మసక పట్టీ పడుతుంది. లెన్సుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పెద్ద గుమ్మటం మీద ఆ 4 మిల్లీమీటర్లు సన్నటి గీతగా మిగులుతాయి.

పెద్ద గుమ్మటానికి ఒక ఖర్చు ఉంది. 20 సెంటీమీటర్ల అర్ధగోళం లోపల రెండు లీటర్లకు పైగా గాలి ఉంటుంది. సగం ముంచితే సుమారు ఒక లీటరు నీరు పక్కకు తొలగుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఒక కిలో బరువుకు సమానమైన బలం కెమెరా మూతిని పైకి నెడుతుంది. నడుము లోతు నీళ్లలో నిలబడి, అలలకు ఊగుతూ, ఆ బలాన్ని అదిమిపట్టి గీతను ఫ్రేము మధ్యలో ఉంచడమే ఈ పనిలో అసలు శ్రమ.

నీటిచుక్కల గొడవ సరేసరి. పైసగం గాజు మీద నిలిచిన ఒక్కో చుక్కా ఒక్కో బుల్లి లెన్సై ఆకాశాన్ని మచ్చలు చేస్తుంది. కొందరు గుమ్మటాన్ని మొత్తం ముంచి, పైకి తీసిన వెంటనే నీటిపొర తెగకముందే ఫొటో తీస్తారు. గాజుపై పచ్చి బంగాళాదుంప ముక్క రుద్దడం ఈతగాళ్లలో పాత చిట్కా. చుక్కలు కట్టకుండా నీరు పలుచని పొరగా పరుచుకుంటుంది.

వెలుతురు ఎక్కడికి పోతుంది?

నీటి పైన వెలుతురెక్కువ, కింద తక్కువ. ఆకాశానికి తగ్గట్టు కెమెరాను సరిచేస్తే అడుగు చీకటవుతుంది. అడుగుకు సరిచేస్తే ఆకాశం తెల్లబోతుంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీటి ఉపరితలం కాంతిలో దాదాపు 2 శాతాన్నే వెనక్కి పంపుతుంది. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఏకంగా 35 శాతం దాకా తిప్పికొడుతుంది. మిగతా ప్రకృతి ఫొటోలకు పొద్దుటి వెలుగు, సాయంత్రపు వెలుగు మంచివంటారు. సగం సగం ఫొటోకు మాత్రం మిట్టమధ్యాహ్నమే మేలు. డిసెంబరులోనూ బస్తర్‌లో మధ్యాహ్నం సూర్యుడు 47 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. అప్పుడు నీరు తిప్పికొట్టేది సుమారు 3 శాతమే.

లోపలికి దిగిన కాంతిలోనూ రంగులన్నీ సమానంగా మిగలవు. ఒక మీటరు మందమున్న తేట నీరే ఎర్రకాంతిలో దాదాపు 30 శాతాన్ని మింగేస్తుంది. నీలికాంతిలో 2 శాతం కూడా పోదు. అందుకే సముద్రపు లోతులు నీలంగా ఉంటాయి. 1893లో లూయీ బూటాన్ ఫ్రాన్స్ తీరంలో నీటి అడుగున ఫొటోలు తీసి దారి వేసినా, అక్కడ రంగుల ఫొటో కోసం 1926 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ మెగ్నీషియం పొడి పేల్చిన వెలుగులో ఆ పని సాధించారు.

అడవి నదుల లెక్క వేరు. కాంగేర్ లోయలో సాల అడవుల ఆకులు నీళ్లలో నాని రసం దిగుతుంది. అది నీలికాంతిని పీల్చుకుంటుంది. నీరు ఎరుపును మింగి, ఆకురసం నీలాన్ని మింగితే మిగిలేది ఆకుపచ్చ, పసుపు. బస్తర్ వాగుల్లో కింది సగం నీలంగా కాక, పలుచటి టీ రంగులోనో పచ్చగానో పడితే కెమెరా తప్పేమీ లేదు.

కన్ను చేసే సర్దుబాట్లు

మనం నీటిలో కళ్లు తెరిస్తే అంతా మసకగా ఉంటుంది. కాంతిని కేంద్రీకరించే పనిలో మూడింట రెండొంతులు చేసేది కంటి ముందుపొర అయిన కార్నియా. నీటికీ కార్నియాకూ వక్రీభవన గుణకాల్లో తేడా పెద్దగా లేదు కాబట్టి నీటిలో దాని శక్తి దాదాపు పోతుంది. అయినా అండమాన్ సముద్రంలోని థాయ్‌లాండ్ దీవుల్లో ఉండే మోకెన్ తెగ పిల్లలు నీటి అడుగున యూరప్ పిల్లల కంటే రెట్టింపు స్పష్టంగా చూస్తారని స్వీడన్ పరిశోధకురాలు అన్నా గిస్లెన్ బృందం 2003లో చూపింది. వారు మునిగినప్పుడు కంటిపాపను 2 మిల్లీమీటర్లకు కుదిస్తారు. అపర్చర్ తగ్గించి స్పష్టత పెంచడమంటే ఇదే. కెమెరాకు మనం పెట్టే ఎఫ్/16ను ఆ పిల్లలు ఈత నేర్చుకుంటూ కంటికి అలవాటు చేశారు.

దక్షిణ అమెరికాలోని అనాబ్లెప్స్ చేప ఇంకో అడుగు ముందుకేసింది. దాని ఒక్కో కన్ను నీటి గీత దగ్గర రెండుగా విడి ఉంటుంది. పై భాగం గాలిలోకి, కింది భాగం నీటిలోకి ఒకేసారి చూస్తాయి. ప్రకృతి చేసిన సగం సగం కెమెరా అది.

బస్తర్ నీళ్లలో ఈ ఫొటోకు పనేమిటి?

అందం ఒక్కటే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. నది పైనుంచి చూస్తే ఆకాశాన్ని ప్రతిబింబిస్తూ బాగానే ఉంటుంది. దాని ఆరోగ్యం గీతకు కింద తెలుస్తుంది. దంతెవాడ దగ్గర డంకినీ నదితో కలిసే శంఖినీ నది చివరికి ఇంద్రావతికే చేరుతుంది. బైలాడిలా ఇనుప కొండల్లో గనుల నుంచి వచ్చే సన్నటి ఖనిజపు పొడితో శంఖినీ ఎర్రబారడం దశాబ్దాలుగా నమోదైన సంగతి. అటు ఒడిశా సరిహద్దులో నీరు జోరా నాలాలోకి మళ్లిపోయి, ఎండాకాలంలో ఇంద్రావతి చిక్కిపోవడం బస్తర్‌లో ఏళ్లుగా నలుగుతున్న సమస్య. ఈ నీళ్లు తెలుగువారికి పరాయివి కావు. ఇంద్రావతి భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాంగేర్ నీరు శబరిలోకి చేరి, కూనవరం దగ్గర అదే గోదావరిని చేరుతుంది.

నీటి తేటదనాన్ని కొలవడం పాత విద్యే. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెకీ తెల్లటి పళ్లేన్ని తాడుతో సముద్రంలోకి దించి, అది కనుమరుగయ్యే లోతును కొలిచాడు. చెరువుల్లో, జలాశయాల్లో నేటికీ సెకీ పళ్లేన్నే వాడతారు. సగం సగం ఫొటో దీనికి మంచి తోడు. గీతలు గీసిన కర్రను నీటిలో అదే చోట, కెమెరాకు అంతే దూరంలో నిలిపి, నెలకోసారి అదే వేళకు ఫొటో తీస్తే చాలు. కింది సగంలో ఎన్నో గీత దాకా కనిపిస్తోంది, పై సగంలో ఒడ్డు ఎలా ఉంది, నీటిమట్టం ఎక్కడుంది అన్నవి ఒకే చిత్రంలో నమోదవుతాయి. ఒడ్డున చెట్లు పోయిన తర్వాతి వానాకాలంలో నీరు ఎంత మురికిగా వచ్చిందో పక్కపక్కన పెట్టి చూపొచ్చు. కారణం, ఫలితం ఒకే ఫ్రేములో దొరికే అవకాశం అరుదు.

దీనికి అనువైన కాలం వానలు తగ్గి మట్టి పేరుకున్నాక, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. జలపాతం పడే మడుగు పనికిరాదు. అక్కడి నీటినిండా గాలిబుడగలే. అవి కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టి కింది సగాన్ని పాలలా చేస్తాయి. కాస్త దిగువన నిలకడగా పారే లోతులేని నీరు మంచిది. కాంగేర్ నదిలోని భైంసాదర్హా వంటి మడుగుల్లో మొసళ్లున్నాయి. మొసలి కళ్లూ ముక్కూ తల పైభాగాన ఉంటాయి కాబట్టి, అది ఒళ్లంతా గీతకు కింద దాచుకుని పైలోకాన్ని గమనిస్తుంది. అలాంటి చోట నీటిలో దిగకూడదు. జాతీయ ఉద్యానవనంలో అటవీశాఖ అనుమతి లేకుండా అసలే దిగకూడదు.

తీయకూడని ఫొటో

అదే కాంగేర్ లోయలో కుటుంసర్ గుహ ఉంది. 1950లలో ప్రొఫెసర్ శంకర్ తివారీ దీన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. వానాకాలంలో నీరు చేరడంతో గుహను మూసేస్తారు. లోపలి మడుగుల్లో ఇండోరియోనెక్టిస్ ఎవెజార్డీ అనే చిన్న చేప ఉంటుంది. ఇదే జాతి చేపలు బయటి వాగుల్లో మామూలు కళ్లతో, ఒంటి మీద రంగుతో ఉంటాయి. గుహలోని వాటిలో కళ్లు కుంచించుకుపోయాయి, రంగు వెలిసిపోయింది. రాయపూర్‌లోని పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980ల నుంచి ఈ చేపల దినచర్య లయలను అధ్యయనం చేశారు. వాటి అలవాట్లలో ఒకటి నీటి పైకి వచ్చి గాలి మింగి తిరిగి కిందికి పోవడం. అంటే గాలికీ నీటికీ మధ్యనున్న గీతను రోజూ తాకే జీవి అది.

సగం సగం ఫొటోకు ఇంతకంటే తగిన ప్రాణి ఉండదనిపిస్తుంది. అయినా ఆ ఫొటో తీయాలంటే చీకటిలో ఫ్లాష్ కొట్టాలి, మడుగులోకి దిగి అడుగున పేరుకున్న మట్టిని లేపాలి. చీకటికే అలవాటుపడిన జీవికి ఆ వెలుగే పెద్ద అలజడి. గుహల్లో ఎక్కువసేపు దీపాలు వెలిగితే తడిరాళ్లపై నాచు మొలిచి, లోపలి ఆహారపు గొలుసే మారిపోతుంది. కాబట్టి ఈ చేపను పరిశోధకుల నియమబద్ధమైన పనికి వదిలేయడమే మంచిది.

ఇంట్లో చేసి చూడండి

ఈ సూత్రాలు తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నలుపలకల చిన్న చేపలతొట్టిని సగం నీటితో నింపి, అందులో స్కేలును నిటారుగా నిలబెట్టండి. ఫోను లెన్సును నీటిమట్టానికి ఎదురుగా గాజు బయట ఉంచి ఫొటో తీయండి. నీటిలోని సెంటీమీటర్లు గాలిలోని సెంటీమీటర్ల కంటే పెద్దవిగా పడతాయి. ఫోనును గాజుకు దగ్గరగా, దూరంగా జరిపి ఆ తేడా ఎలా మారుతుందో కొలవండి.

తర్వాత ఖాళీ తొట్టిలో ఫోను పెట్టి, పెద్ద నీళ్లతొట్టిలో దాన్ని సగం ముంచి చూడండి. 20 సెంటీమీటర్ల చదరపు అడుగున్న తొట్టిని 10 సెంటీమీటర్లు ముంచాలంటే తొట్టి, ఫోను బరువుతో కలిపి నాలుగు కిలోల బలం కిందికి పడాలి. జారితే నీరు లోపలికి వస్తుంది కాబట్టి ముందు ఫోను లేకుండా అలవాటు చేసుకోండి. చివరిగా నీటిలో రెండు చెంచాల మట్టి కలిపి, అరగంటకోసారి ఫొటో తీయండి. గంటలు గడిచేకొద్దీ స్కేలు మీది అంకెలు ఒక్కొక్కటే బయటపడతాయి. సన్నటి బంకమట్టి మాత్రం మర్నాటికీ పూర్తిగా పేరుకోదు. ఒక్కసారి ఎర్రబారిన నది తేటపడటానికి అంతకాలం ఎందుకు పడుతుందో ఆ వరుస ఫొటోలే చెబుతాయి.